సగంలో ఆగని ఎక్కం

చిరంజీవి మనవరాలికి,

"ముందు నువ్వు చేయించుకో అమ్మమ్మా, తర్వాత నేను" అని మూడేళ్లుగా తప్పించుకుంటున్నావు. మంగళవారం వెళ్లి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నాను. బల్ల మీద పడుకుని, భయం తెలియకుండా పందొమ్మిదో ఎక్కం మొదలుపెట్టాను. డెబ్బై ఆరు దాకా వచ్చానో లేదో, డాక్టరమ్మ "అయిపోయింది, లేవండి" అన్నారు.

"ఎక్కం సగంలో ఆపకూడదు, ఉండండి" అన్నాను. నూట తొంభై వచ్చేదాకా నవ్వు ఆపుకుంటూ నిలబడ్డారు.

ఈరోజు ఫలితం వచ్చింది, ఏ దోషమూ లేదు. సంతోషం పట్టలేక మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ఇదే జబ్బు మా చెల్లెలికి బయటపడేసరికి ఆలస్యమైపోయింది. నీ విషయంలో ఊరుకోను. గురువారం పదిన్నరకు నీ పేరు రాయించాను. నీ సెలవుచీటీ నేనే రాసి, కారణంతో సహా నువ్వు పాఠాలు చెప్పే బడి హెడ్‌మిస్ట్రెస్‌కు పంపాను. కోప్పడకు. ఆవిడ కూడా నీతో వస్తారట.

అమ్మమ్మ