నలభై జెర్సీలు, ఒక వాషింగ్ మెషీన్

సెప్టెంబర్ 3, మంగళవారం

మీటింగ్ నుంచి ఇప్పుడే వచ్చాను. ఒళ్లు మండిపోతోంది.

స్కాట్లాండ్ జట్టు ఏ దేశంలో ఆడినా మా అర్‌బ్రోత్ ఊరి అభిమానులం వెంట వెళతాం. వెళ్లిన ఊళ్లో ఒక అనాథ పిల్లల ఇంటికి చందాలు పోగుచేసి ఏదో ఒకటి ఇస్తాం. ఈసారి మాల్డోవా దేశం, చిసినావు నగరం. ఏం కావాలని నేనే ఉత్తరం రాశాను. ఆ ఇల్లు నడిపే పెద్దావిడ లిలియా ఒక్క ముక్కలో జవాబిచ్చింది: పెద్ద వాషింగ్ మెషీన్. నలభై మంది పిల్లలు, సగం మంది పక్క తడుపుతారు, దుప్పట్లన్నీ చేత్తోనే ఉతకాలి.

మా సంఘం ప్రెసిడెంట్ వాటీ నన్ను చూసి పగలబడి నవ్వాడు. "ఏం సెంగా, మనం ఫుట్‌బాల్ చూడ్డానికి వెళుతున్నామా, లాండ్రీ పెట్టడానికా? మెషీన్ పక్కన నిలబడి ఫోటో దిగమంటావా?"

పిల్లలకు స్కాట్లాండ్ జెర్సీలు ఇద్దామన్న అతని మాటకే ఓట్లు పడ్డాయి. మెషీన్‌కు రెండే చేతులు లేచాయి. ఒకటి నాది. రెండోది ముసలి హెక్టర్‌ది, అతను బీరు ఎవరికి కావాలని అడుగుతున్నారనుకున్నాడు.

సెప్టెంబర్ 6

నలభై జెర్సీలు ఆర్డరిచ్చేశారు. సైజులు ఎవరూ అడగలేదు.

సెప్టెంబర్ 14

లిలియాకు జెర్సీల సంగతి రాశాను. చాలా సంతోషం, వాటినీ ఉతకాలి కదా అని జవాబు. ఫోన్‌లో వాటీకి చదివి వినిపించాను. పెట్టేశాడు.

సెప్టెంబర్ 28

నేనూ, మా స్కూలు వంటింటి ఆడవాళ్లూ ఊళ్లో స్టేడియం బయట రెండు శనివారాలు సూప్ అమ్మాం. మా వాళ్లే తాగి, మా వాళ్లే వెక్కిరించారు. సంఘాన్ని చీలుస్తున్నానట! ఆ డబ్బు పంపి మెషీన్ చిసినావు దుకాణంలోనే కొన్నాం.

అక్టోబర్ 9, చిసినావు

మెషీన్‌ను పెరట్లో దింపేసి దుకాణం వాళ్లు చక్కా పోయారు. బిగించడం వాళ్ల పని కాదట. నేనూ లిలియా దాని చుట్టూ తిరుగుతుంటే బ్యాగ్‌పైపు ఊదుకుంటూ మా వాళ్లు దిగారు. పిల్లలకు జెర్సీలు మోకాళ్ల దాకా వచ్చాయి. ఫోటోలే ఫోటోలు.

ఇలింకా అని ఆరేళ్ల పిల్ల వాటీ ఒళ్లో కూచుంది. బ్యాగ్‌పైపు మోతకు బెదిరిందో ఏమో, కూచున్నచోటే తడిపేసింది. జెర్సీ, అతను కట్టుకున్న గళ్ల కిల్టు పావడా, అన్నీ. అందరూ గొల్లుమన్నారు. వాటీ నవ్వలేదు. పిల్ల ఏడుపు ఆగేదాకా అలాగే కూచున్నాడు.

లిలియా ఆ జెర్సీని తొట్టిలో చన్నీళ్లలో ముంచింది. ఆమె వేళ్లు పగిలి ఎర్రగా ఉన్నాయి. వాటీ ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగాడు.

"నీళ్ల లైను ఎటుంది?"

నలభై ఏళ్లు పైపులు బిగించిన మనిషి. ఆ సంగతి మీటింగులో అతనికి ఒక్కసారైనా గుర్తొచ్చిందా?

అయిదింటికి మా వాళ్లు స్టేడియానికి వెళ్లిపోయారు. వాటీ గోడ పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు. వెళ్లమన్నాను. "నోరు మూసుకుని ఆ పానా ఇటియ్యి" అన్నాడు. కాసేపటికి స్టేడియం వైపు నుంచి పెద్ద హోరు. తలెత్తాడు.

"గోల్ ఎవరిది?"

నాకేం తెలుసు? మళ్లీ పైపు మీదికి వంగాడు.

అక్టోబర్ 10

ఓడిపోయాం. మెషీన్ మాత్రం రాత్రే తిరగడం మొదలెట్టింది.

తనది పొరపాటని వాటీ ఇంతవరకూ అనలేదు. అనడు కూడా. విమానంలో అడిగి మరీ నా పక్క సీటుకు మార్పించుకున్నాడు. దారంతా గురక. అతని చేతులకు ఇంకా సబ్బు వాసన.