అయిదో నంబరు లైనుకి ఆరు ఆంపియర్లు

ప్రియమైన బాబాయికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, మా ఆఫీసు తప్ప.

విదేశాల వాళ్లు మన దేశానికి సాయం చేస్తున్నారు. వచ్చే ముప్ఫై ఏళ్లలో ఎవరికెంత కరెంటు కావాలో, గాలీ అడవీ పాడవకుండా దాన్ని ఎక్కణ్ణుంచి తేవాలో ప్రణాళిక రాయాలి. అందుకో నిపుణుడు దిగాడు. ఎప్పుడూ చంకలో ఫ్లాస్కు ఉంటుంది కాబట్టి మేం ఫ్లాస్కు దొర అంటాం. దేశంలోని సబ్‌స్టేషన్ల లాగ్‌బుక్కులన్నీ నా బల్ల మీదికే వస్తున్నాయి. నీదీ వచ్చింది.

అయిదో నంబరు లైను మన పాత ఊరిది కదా. ఆ ఊరు రిజర్వాయరులో మునిగి పదకొండేళ్లయింది. నువ్వేమో రోజూ సాయంత్రం ఆరింటికి ఆరు ఆంపియర్లని రాస్తున్నావు! చేపలు టీవీ చూస్తున్నాయా? పాత పేజీ చూసి కొత్త పేజీ నింపే జబ్బు నీకూ పట్టిందన్నమాట. బుద్ధిగా సున్నా రాసి, సంతకం పెట్టి పంపు.

ఇట్లు,
లెక్కల్లో మునిగిన నీ అన్నకూతురు

తా.క.: దేశం మొత్తమ్మీద ఒక్క ఫిర్యాదు కూడా రాని లైను అదేనట. ఫ్లాస్కు దొర ముచ్చటపడి దాని చుట్టూ పువ్వు గీశాడు.

*

చిట్టితల్లికి,

ఆశీస్సులు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో నా లాగ్‌బుక్కుని వేలెత్తి చూపించిన మొదటి మనిషివి నువ్వే. చిన్నప్పుడు నిన్ను భుజాల మీద మోసినందుకు బాగానే బుద్ధి చెప్పావు.

మీటరు ముల్లు ఏం చూపిస్తే నేనది రాస్తాను. ఆరింటికి ఆరు. తొమ్మిదికి పడిపోతుంది. పూర్తిగా పడదు, కొంచెం మిగులుతుంది. మీ నాన్నమ్మ వరండాలో తెల్లార్లూ జీరో బల్బు వెలిగించేది, గుర్తుందా? ఊరు ఖాళీ చేయడానికి వారం ముందు ఆ ఇంట్లోనే కన్నుమూసింది. ఆవిడ వెళ్లిపోయినా ఆ బల్బు ఆర్పడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇట్లు,
సున్నా రాయని మీ బాబాయి

తా.క.: నేను సున్నా రాస్తే ఎవరికి లాభం? నీళ్లు నమలకుండా చెప్పు.

*

బాబాయికి,

నమస్కారాలు. నమలను.

ప్రణాళికలో మీ ఆనకట్టని పది మీటర్లు పెంచాలని ఉంది. పెంచితే మీ వీధీ, నీ సబ్‌స్టేషనూ, నువ్వు నాటిన కరివేపాకు చెట్టుతో సహా నీళ్లలోకి పోతాయి. మీ వీధి వాళ్లకి అభిప్రాయం అడుగుతూ రెండు వందల ఫారాలు పంపాం. పదకొండే తిరిగొచ్చాయి, వాటిలో రెండు కిరాణా చీటీలు. సగం మంది జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టేనని రూలు.

ఇక అడ్డం నీ అయిదో నంబరొక్కటే. కరెంటు వాడకం ఉన్న చోట వినియోగదారుల్ని రాతపూర్వకంగా అడక్కుండా నీళ్లు పెంచకూడదు. అక్కడెవరూ లేరని మొత్తుకున్నాను. "లోడు ఉంటే మనుషులున్నట్టే, అడగండి" అన్నాడు ఫ్లాస్కు దొర. మునిగిన ఊరికి, ఇంటికొకటి చొప్పున నలభై ఒక్క ఫారాలు రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. ముప్పాతిక మంది వద్దంటే ఆనకట్ట పెంచడం ఆగిపోతుంది. ఎవరంటారు బాబాయీ? నీ ఇంటిని నా చేత్తోనే ముంచుతున్నాను. నిద్ర పట్టడం లేదు.

ఇట్లు,
తల ప్రాణం తోకకొచ్చిన నీ అమ్మాయి

తా.క.: కవరు మీద "ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఇవ్వవలెను" అని ఆఫీసు ముద్ర కూడా వేశారు.

*

చిట్టితల్లికి,

ఆశీస్సులు. మా పోస్టుమన్ ఫారాలు తీసుకుని పడవెక్కాడు. నీళ్ల మధ్య పాత వాటర్ ట్యాంకు నెత్తి ఒక్కటే పైకి కనిపిస్తుంది కదా, అక్కడ వదిలి వచ్చాడట. "అందజేశాను" అని సంతకం పెట్టాడు గానీ, మొహంలో నెత్తురు చుక్క లేదు.

పదిరోజులకి సబ్‌స్టేషన్ గేటు దగ్గర కట్ట కనిపించింది. అన్నీ నింపి ఉన్నాయి. తడి ముద్దలు! కంట్రోల్ రూములో తాడు కట్టి ఆరేసి పంపుతున్నాను.

ఇట్లు,
ఏమీ ఎరగని మీ బాబాయి

తా.క.: మీ ఆఫీసులో వాటిని ఇస్త్రీ చెయ్యకండి. సిరా పోతుంది.

*

బాబాయికి,

నమస్కారాలు. నలభై ఒకటికి నలభై ఒకటీ వచ్చాయి! నూటికి నూరు శాతం జవాబులు ఏ దేశంలోనూ చూడలేదని ఫ్లాస్కు దొర కళ్లు తుడుచుకున్నాడు. కరెంటు ఏ వేళల్లో వాడతారంటే "ఇక్కడెప్పుడూ సాయంత్రమే" అని రాశారు. నీళ్లు పెంచమంటారా అంటే "వద్దు, కొత్తగా వచ్చేవాళ్లకి చోటు లేదు" అని అందరిదీ ఒకటే మాట. ఆనకట్ట పెంచడం కొట్టేశారు. ముద్ర కూడా పడింది. మీ వీధి బతికింది.

బాబాయీ, నలభై ఫారాల్లోనూ ఒకే మనిషి ఎడమ చేత్తో గీకిన రాత. సిరా నీ లాగ్‌బుక్కులోని ఆకుపచ్చదే. నేను కళ్లు మూసుకున్నాను. ఇంకెప్పుడూ ఇలాంటి పని చెయ్యకు, నీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
గుండె ఆగి మళ్లీ కొట్టుకుంటున్న నీ అమ్మాయి

తా.క.: నలభై ఒకటోది మాత్రం అద్భుతం. నాన్నమ్మ వణుకు రాత ఎలా దించావు? ఇంట్లో ఎంతమంది అన్న చోట "ఒక్కదాన్నే. అబ్బాయి వస్తాడు, తొందరేం లేదు. వేళకి తినమనండి" అని రాశావు. చదివి ఏడ్చేశాను. ఫిర్యాదులు అన్న చోట "ఫ్యాను తిరగడం లేదు" అట! ఆ కాగితం మాత్రం నెలైనా తడి ఆరలేదు, ఎందుకో.

*

చిట్టితల్లికి,

ఆశీస్సులు. ఆలస్యంగా రాస్తున్నాను.

తప్పు ఒప్పుకుంటున్నాను. అయిదో నంబరు తీగల్ని పదకొండేళ్ల కిందటే మొదటి స్తంభం దగ్గర తెంచేశారు. ఆ రోజు సాయంత్రం సున్నా రాయడానికి చెయ్యి ఆడలేదు. మా అమ్మ ఇల్లు చీకటని నా చేత్తో ఎలా రాయను? ఆరు అని రాశాను. తర్వాత అదే అలవాటైపోయింది. నీ ఫారాలు కూడా నేనే రాసి బకెట్లో నానబెట్టాను. పోస్టుమన్ నా పక్షమే.

కానీ నేను రాసినవి నలభై. అమ్మ పేరు మీద అబద్ధం రాయడానికి మనసొప్పలేదు. నలభై ఒకటో ఫారం ఖాళీగానే పోస్టుమన్‌కి ఇచ్చి, నిజంగా నీళ్లలో వదిలి రమ్మన్నాను. వదిలానని వాడు ఒట్టేసి చెబుతున్నాడు. నీకు పంపిన కట్టలో నలభై ఉన్నాయి. నేనే రెండుసార్లు లెక్కపెట్టాను.

పనైపోయింది కదా, ఇక నిజమే రాద్దామని నిన్న ఆరింటికి సున్నా కోసం కలం ఎత్తాను. పదకొండేళ్లలో మొదటిసారి తలెత్తి ముల్లు వైపు చూశాను. ఆరు దగ్గర నిలబడి ఉంది.

ఇట్లు,
వేళకి తింటున్న మీ బాబాయి

తా.క.: ఫ్యాను తిరగడం లేదంటే లో ఓల్టేజీయే. పదకొండేళ్లలో ఆ లైనుకి మొదటి ఫిర్యాదు, అదీ కన్నతల్లిది! సిగ్గేసింది. ఇవాళ ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీ ఒక మెట్టు పెంచాను. ముల్లు ఆరున్నరకి వచ్చింది. ఫ్యాను తిరుగుతున్నట్టుంది.