స్వాగతం దాటని పాడ్‌కాస్టు

4 మే 2008, ఆదివారం
నేటి నుండి నేను పాడ్‌కాస్టరును! గార్లదిన్నెలో ఇంటర్నెట్ సెంటరు నడిపే శ్రీకాంత్ వివరించగా గ్రహించిన సారాంశం: పాడ్‌కాస్టు అనగా స్టేషను అవసరం లేని రేడియో. మైకు, కంప్యూటరు, చెప్పదగిన విషయం ఉంటే చాలు. ఎవరి అనుమతీ అక్కరలేదు. సహకార సంఘం సభలన్నిటికీ స్వాగతోపన్యాసాలు రాసిచ్చి, ఒక్కనాడూ వేదిక మీదికి పిలుపు అందుకోని రాత్రిబడి పట్టభద్రునికి ఇంతకన్న ఏమి కావాలి?
విషయం సిద్ధం. మా అక్క బయమ్మ బావి పక్కనే ఊరి పెద్దరైతు వీరప్పగారు లోతైన బోరు వేయించారు. బావి ఎండింది. నీరందక అక్క చీనీతోట, అనగా బత్తాయితోట, వాడిపోతోంది. ప్రతి ఆదివారం ఒక భాగం. నిర్భయంగా!

11 మే
మైకు కొన్నాను. నియమాలు: మైకుకు జానెడు దూరం. ఫ్యాను ఆపాలి. ఎదుట ఒక్క మనిషే ఉన్నట్లు మాట్లాడాలి. వెంటనే విషయంలోకి రావాలి.
రికార్డింగు అద్భుతం! సభాధ్యక్షులకు, సర్పంచిగారికి, మాజీ సర్పంచి రంగన్నగారికి, వేదికను అలంకరించిన పెద్దలకు వందనాలు తెలిపేసరికి భాగం పూర్తయింది.
శ్రీకాంత్ హెడ్‌ఫోను తీసి, "అన్నా, వేదిక యాడుండాది?" అన్నాడు.
మర్యాద తెలియని తరం.

18 మే
శ్రీకాంత్ దానిని నెట్టులో పెట్టి, ఊళ్ళో సెల్‌ఫోన్లలోకి కూడా ఎక్కించాడు. రంగన్నగారి ఫోను: "ఏమప్పా, నా పేరు వాని తర్వాత చెప్తావా? నేనేమన్నా సచ్చిపోయినానా?"
ఈ వారం క్షమాపణ భాగం. బావి వచ్చే వారం.

25 మే
అక్క వచ్చి రెండు భాగాలూ విన్నది.
"అందరికీ దండాలు పెట్టినావు. నా బావి మాట యాడరా?"
"పునాది వేస్తున్నానక్కా."
"నువ్వు పునాది ఏసేలోగా చెట్లు సచ్చిపోతాండాయి రా!"
ఫ్యాను ఆపితే ఉక్క. రికార్డింగు లేదు.

1 జూన్
వీరప్పగారే ఇంటికి వచ్చారు! కుర్చీ తుడిచి వేశాను.
"ఏమప్పా జయరాముడూ, ఊర్లో అందరి పేర్లూ చెప్పినావంట. నా పేరు లేదంటనే?"
"తరువాతి భాగంలో వస్తుందండీ" అన్నాను. అబద్ధం కాదు.
"గురువారం నా కొత్త మోటారుకు పూజ. స్టేజీ మీద కూర్చుందువు, రా. నీ మైకూ తెచ్చుకో."
వేదిక!

5 జూన్, గురువారం
పేరు పెట్టి పిలిచారు. పేరుకు ముందు 'మేధావి' అన్నారు. శాలువా కప్పారు. స్విచ్చి వేయగానే నీరు ఉరికింది. సందర్భోచితంగా వీరప్పగారిని అపర భగీరథుడన్నాను. జనమంతా చప్పట్లు. వెనుక నిలబడిన అక్క మాత్రం కొట్టలేదు.

8 జూన్
అక్క చీనీచెట్లు నరికిస్తోంది. గొడ్డలి చప్పుడు మైకులో పడుతున్నందున కిటికీ మూశాను.
నేటి నుండి మళ్ళీ మొదటి భాగం. ఈసారి నేరుగా బావితోనే ఆరంభం. నిర్భయంగా! స్వాగతం మిక్కిలి క్లుప్తం: వీరప్పగారి పేరు ఒక్కటే.