రాజంపేట అవ్వతో విమానంలో

బెంగళూరు, జూలై 1956

అమ్మకు నీ కొడుకు లేవి వందనాలు. దేవుని దయవల్ల కులాసాగా ఉన్నాను.

ఎక్కడో విమానం కూలిందని విని, ఈ పని మానేసి నందికొట్కూరు వచ్చెయ్యమని రాయించావు. నిన్న జరిగింది విను. హైదరాబాదు విమానానికి ఇంజను సరిచూసి దిగాను. కూతురి కాన్పుకు పోతున్న రాజంపేట అవ్వ ఒకామె మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

"ఏమప్పా, ఇది పడిపోదు కదా?" అంది.

"పడదవ్వా. నేనే బాగుచేసినా."

"అట్లయితే నువ్వు గూడా రా!" అని నా చెయ్యి పట్టుకుంది.

పైలట్ నవ్వి, ఖాళీ సీటుంది, ఎక్కమన్నాడు. నూనె మరకల బట్టలతోనే ఆమె పక్కన కూర్చున్నాను. ఎక్కడం నాకూ మొదటిసారే. తుంగభద్ర దాటేటప్పుడు నా గుండె దడదడలాడుతుంటే, అవ్వ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దిగగానే అల్లుడు ఎదురొచ్చి, ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమమన్నాడు. అవ్వ నా తల నిమిరి, "మీయమ్మ చల్లగుండాల నాయనా" అంది. సాయంత్రం అదే విమానంలో తిరిగి వచ్చాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? వాన పడిందా? చెల్లెలు ప్రేమమ్మను బడి మానిపించొద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే కొర్రబియ్యం పంపు.

పని మాత్రం మానలేనమ్మా. నువ్వే ఒకసారి రా. నేను బిగించిన విమానం పైకి లేస్తుంటే నా పక్కన నిలబడి చూద్దువు. చెల్లెలికి దీవెనలు.

నీ కొడుకు,
లేవి