పదకొండో లైను

జూన్ 3, 2025, మంగళవారం. బచేలి.

మా అబ్బాయి రాజేశ్వరరావు గని ఆఫీసు నుంచి ముప్ఫై పేజీల కట్ట తెచ్చాడు. బస్తర్‌లో వచ్చే ఐదేళ్లలో ఏ పరిశ్రమలో ఎన్ని ఉద్యోగాలు వస్తాయో అంచనా. అంతా ఇంగ్లీషు, అంతా పట్టికలు. వాడు జనవరిలో రిటైరవుతాడు, కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మనవడు అరుణ్ డిప్లొమా పాసై రెండేళ్లుగా ఉద్యోగం వెతుకుతున్నాడు. మంచం మీద పడుకుని. ఈ ఇంట్లో పట్టిక చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ముప్ఫై ఒక్క ఏళ్లు టౌన్‌షిప్ స్కూల్లో జాగ్రఫీ చెప్పాను.

జూన్ 4

చదివాను. మూడో పేజీ, పదకొండో లైను. గనుల్లో హెవీ మెషిన్ ఆపరేటర్లు: ఇప్పుడు 640, ఐదేళ్లకి 1,910. మిగతా లైన్లన్నీ కుంటుతున్నాయి. కుట్టుపని మరీను, 410 నుంచి 260కి పడిపోతోంది. రెడీమేడ్ దొరుకుతుంటే ఎవరు కుట్టించుకుంటారు.

గీదంలో ఆపరేటర్ కోర్సు ఉందట. నలభై సీట్లు. ఆఖరు తేదీ జూన్ 20. అరుణ్‌కి చెప్పాను. క్యాబిన్‌లో ఏసీ ఉంటుందా నానమ్మా అని అడిగాడు.

జూన్ 6, మధ్యాహ్నం

మా ఇంట్లో పనిచేసే ఆయతి కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పూనం. పన్నెండో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది, హిందీ మీడియం. ఆయతి పుట్టిల్లు తెలంగాణ సరిహద్దులోని మరైగూడ, అందుకే ఆ తెలుగు. అత్తిల్లు ఇక్కడే, కొండ కింద, గనికి పొలాలు పోయిన పల్లె. గుమ్మం దగ్గరే కూలబడి, ఏందో కాగితమొచ్చిందంట గద టీచరమ్మా, మా పోరికి ఏ పని నేర్పిస్తే నౌకరీ దొరుకుతదో చూసి చెప్పుండ్రి అంది. లేకుంటే జనవరిలో మిరపకాయలు కొయ్యడానికి భద్రాచలం వైపు కూలీల బండి ఎక్కించాలంది. పోయినేడు తనే వెళ్లొచ్చింది. ఆ చేతులు ఇప్పటికీ మా గిన్నెల సబ్బుకి మండుతాయట.

పూనం పట్టిక మీదికి వంగింది. అంకెల మీద ఆగే కళ్లు నాకు తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆరేడు జతలు చూశాను. అందులో ఒక్కటీ మా ఇంటిది కాదు. ఈ పిల్ల ఫారం పెడితే నలభైలో ఒక సీటు పోతుంది. పోయేది మావాడిదే.

కాగితం మడిచాను. కుట్టుపని అన్నాను.

ఎంత పెరుగుతది అని అడిగింది పిల్ల. రెండింతలు అన్నాను.

జూన్ 7

మనవడి కోసం కదా అని రాసుకుందామని కూర్చున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా ఎందుకు ఈ వేషం. అబద్ధం చెప్పాను.

జూన్ 19

అరుణ్ ఫారం నేనే నింపాను. స్థానికుడా అన్న గడిలో అవును అని రాశాను. మా ఆయన ఈ కొండకి 1967లో వచ్చాడు. ఇంకెంత స్థానికం కావాలి.

జూలై 14, సోమవారం

ఫారం తిప్పి పంపారు. సీట్లన్నీ గనికి భూములు పోగొట్టుకున్న ఊళ్ల పిల్లలకేనట. కాలనీవాళ్లు లెక్కలోకి రారట. అరుణ్ పోనీలే నానమ్మా అని అటు తిరిగి పడుకున్నాడు. వాడికి హాయిగానే ఉన్నట్టుంది.

మూడో పేజీ తీశాను. పదకొండో లైను పక్కన చిన్న నక్షత్రం గుర్తు. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అదే మాట. మ్యాపు కింద వివరం చదవని పిల్లల్ని నేను బెంచీ ఎక్కించేదాన్ని. యాభై ఎనిమిదేళ్లు కాలనీ గేటు లోపల బతికితే జిల్లా అంటే మన క్వార్టర్లే అనిపిస్తుంది కాబోలు.

నలభై సీట్లకి ఇరవై ఆరుగురే వచ్చారట. పద్నాలుగు ఖాళీ. భూములు పోయిన ఊళ్ల జాబితాలో పూనం వాళ్ల ఊరు నాలుగోది.

జూలై 15

ఆయతి గిన్నెలు తోముతూ, పూనం కుట్టు సెంటర్లో చేరిందని చెప్పింది. మంచిది అన్నాను. పాల గిన్నె సరిగ్గా తోమలేదని కూడా అన్నాను.

అక్టోబర్ 10

పూనం సర్టిఫికెట్ చూపించింది. లామినేషన్ బాగుంది.

డిసెంబర్ 9, మంగళవారం

పూనం వచ్చింది. రెండు నెలల్లో మూడు జాకెట్లు కుట్టిందట. ఒకటి వాళ్లమ్మదే. జనవరిలో మిరపకాయలకి బండి మాట్లాడుకున్నారు.

తిడుతుందని సిద్ధపడి కూర్చున్నాను. నాకు తిట్టడం వచ్చు, తిట్లు తినడమూ నేర్చుకోవచ్చు. తప్పు నాదే టీచరమ్మా, నా చెయ్యి సాఫ్ లేదు, మీరు మంచి తొవ్వే చూపెట్టిండ్రు అంది. చెల్లెలు సోమి, ఆ పల్లె పిల్లలే ఇంకో ఇద్దరు పన్నెండు పాసై ఖాళీగా ఉన్నారట. వాళ్లకీ కాగితం చదివి చెప్పాలట. ఆదివారం తీసుకొస్తానంది.

గీదంలో రెండో బ్యాచ్ ఫారాలు జనవరిలో ఇస్తారని రాజేశ్వరరావు నిన్ననే చెప్పాడు. మా ఇంటికి దానితో పనిలేదు. ఇప్పుడు నిజం చెబితే మాకు పోయేదేమీ లేదు.

కానీ పదకొండో లైను చదివితే, ఆరు నెలల కింద ఎందుకు చదవలేదని పూనం అడుగుతుంది. అడగకపోయినా చూస్తుంది. ఆ కళ్లతో.

డిసెంబర్ 14, ఆదివారం

ముగ్గురూ చాప మీద వరసగా కూర్చున్నారు. పూనం నా కళ్లజోడు కొంగుతో తుడిచి చేతికిచ్చింది.

కుట్టుపని అని చదివాను.