అరవణ డబ్బా కింద టికెట్లు

డిసెంబరు 8, సోమవారం
మా మరిది రమణ శబరిమల నుంచి వచ్చాడు. ప్రసాదం తెచ్చాడు. అరవణ పాయసం డబ్బా కింద ఐదు లాటరీ టికెట్లు! పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టాడు, స్వామికీ వాటా ఉన్నట్టు. ఇక్కడ అమ్మితే పోలీసులు పట్టుకుపోతారు. అక్కడ కేరళలో ప్రభుత్వమే అచ్చువేసి అమ్ముతుంది. రాజముద్ర పడితే జూదం కూడా మర్యాదైపోతుంది కాబోలు.

డిసెంబరు 9
రమణ స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని పోయినవాడు. వాళ్ళింట్లో రెండు నెలలుగా ఉడుకుతున్నవి నేను పంపిన బియ్యమే. పూర్ణా మార్కెట్లో పప్పుల షావుకారుని బతిమాలి పని ఇప్పించాను — దిగిన బస్తాల లెక్క రాయడం. వచ్చే సోమవారం చేరాలి. వీడేమో శనివారం డ్రా అయ్యాక చూద్దామంటాడు.
"లచ్చలొచ్చినోడు బస్తాలెక్కలు రాత్తాడేటి వదినా?"

డిసెంబరు 11
భోజనాల దగ్గర ఈయన కూడా తమ్ముడి వైపే. టికెట్ల డబ్బు పేద రోగుల వైద్యానికి వెళ్తుందట, పుణ్యమట. రోగికి మందులు కావాలంటే ఉన్నవాడి దగ్గర పన్ను తీసుకోవాలి. పని లేనివాడి జేబులో చెయ్యి పెట్టి, దానికి దయ అని పేరు. ఇద్దరికీ ఇంకో గరిటె చారు పోశాను. అదైతే అర్థమవుతుంది.

డిసెంబరు 12
కూర్మన్నపాలెం జంక్షన్లో టీ కొట్టు దగ్గర గూట్లోని టికెట్లు తీసుకెళ్ళి అందరికీ చూపిస్తున్నాడట. ఎవడో "కారు కొన్నాక నన్నే డ్రైవరుగా ఎట్టుకో బావా" అంటే, సరేనన్నాడట. రమణ భార్య లక్ష్మి చెప్పింది. నవ్వబోయి ఆగిపోయింది.

డిసెంబరు 13, శనివారం
నాలుగు పోయాయి. ఐదోదానికి రెండు వేలు తగిలింది. అదీ పోయి ఉంటే బాగుండేది.

డిసెంబరు 14
ఆ రెండు వేలు ఇక్కడ ఇవ్వరు. అక్కడి దుకాణానికే వెళ్ళాలి. రేపే రైలెక్కుతాడట. రానూపోనూ ఖర్చులకే చాలదు కదా అన్నాను.
"డబ్బుక్కాదొదినా. లక్కు నడుత్తంది. మల్లీ అక్కడే కొనేత్తాను."
చిన్న బహుమతులు ఎందుకు పెడతారో తెలిసింది. గాలానికి ఎర గుచ్చడం కూడా ఒక పరిపాలనే.

డిసెంబరు 15
పొద్దున్నే వెళ్ళిపోయాడు. కాసేపటికి లక్ష్మి వచ్చి వాకిట్లోనే నిలబడింది.
"అక్కా, ఆ షావుకారు పని నాను సేత్తాను. ఓపాలి అడుగు."
పదో తరగతి పాసైంది. లెక్క తప్పదు. వెంటనే ఫోన్ చేశాను. ఆడమనిషా, అని ఆగాడు. లారీలు దిగే వేళకి, పొద్దున ఆరింటికల్లా ఉండాలన్నాడు. ఉంటుందన్నాను. సాయంత్రం చెప్తానన్నాడు.
ఏడు దాటింది. ఫోన్ రాలేదు. లక్ష్మి ఇంటికి వెళ్ళడం లేదు.