లేని రాజ్యపు రాజును విడిచిపెట్టవలెనని

తిజి ఉఫెల్లా ప్రాంతాధికారి కైద్ గారి సముఖమునకు, ఏటి ఒడ్డున నీటిమర నడుపుకొను బాసు ఉ-హద్దు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ ఠాణాలో పదకొండు రోజులుగా ఉన్న జాయిద్ ఉ-అస్సు, వయస్సు డెబ్బది రెండు, రాజు కాడని తెలియజేయుట గురించి.

1. సదరు రాజ్యము భూమి మీద ఎక్కడా లేదు. పిండి కోసం మర వద్ద కూర్చున్నవారికి పొద్దుపోవుటకై, పూర్వమెప్పుడో మన కొండజాతి బెర్బరులకు ఇట్టి రాజ్యముండెడిదని నేను అల్లిన కథ. అందులో మూడు తెగలు. ఏటా వసంతంలో వంతు వచ్చిన తెగవాడే రాజు, కాని ఆ తెగకు ఓటు లేదు. మిగిలిన రెండు తెగలు ఎన్నుకొని అతని తలపాగాలో పచ్చగడ్డి దోపుదురు. ఏడాది తిరిగితే దిగిపోయి మళ్ళీ గొర్రెలు కాచుకొనును. నిజమునకు ఇది మా పచ్చిక బయళ్ళ పెద్దను ఎన్నుకొను పద్ధతియే. 'పెద్ద' అను చోట 'రాజు' అని రాసితిని. వినుటకు బాగుంటుందని. అంతే అయ్యా, అంతే.

2. ఆ మాట జనానికి నచ్చి, ఈ యేడు పెద్దగా ఎన్నికైన జాయిద్‌ను వేళాకోళానికి "రాజుగారూ" అని పిలువసాగిరి. సంతలో తమ జవాను "మీ ఊళ్ళో పెద్దెవడ్రా?" అని అడుగగా, "నేనే రాజుని. ఈ ఒక్క ఏడాదికేలే" అని ముసలివాడు నవ్వినాడు. జవాను నవ్వలేదు, రాజద్రోహమని జీపెక్కించి ఠాణాకు తెచ్చినాడు.

3. నా కథల నోటుపుస్తకము తమవారు పట్టుకుపోయినారు. అందులోని 'మంచు మంత్రి' ఎవరని ఊరంతా విచారించిరి. అది మా మేనత్త గాడిద. మంచు పడబోవుచుండగా ఓండ్రపెట్టును. జీపు మోత వినబడితే మర ఆపి బస్తాల వెనుక దాగుచున్నాను. నాకు భయంగా ఉంది అయ్యా.

4. తిండి పట్టుకెళ్ళిన ఆయన కూతురు ఇజ్జా చెప్పినది: "రాజును కానని ఒక్క మాట అను, ఇంటికి పో" అని ఠాణా కెప్టెన్ గారన్నారట. ఆయన, "ఎట్టా అంటాను నాయనా? ఈ గడ్డి నేను పెట్టుకోలా. పెట్టినోళ్ళే వచ్చి తియ్యాలి. నేనే పీకి పారేస్తే ఈ ఏడు పచ్చిక కోసం తెగలు తలకాయలు పగలగొట్టుకుంటాయి" అన్నాడట. గడ్డి ఎండిపోయినది. అయినా తీయడు. ఎన్నుకున్నవారందరూ జీపును చూచి మందలతో పై కొండలకు పోయినారు.

5. ఐదవది ఏమి రాయాలో తోచుట లేదు. ఇజ్జా గుమ్మంలో నిలబడి, "ఇంకా ఎన్ని అంకెలేస్తావు మామా? మా నాయన దగ్గితే నెత్తురు పడతాంది" అంటున్నది.

కావున ఆ వృద్ధుని వదిలిపెట్టమని ప్రార్థించుచున్నాను. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బాసు ఉ-హద్దు

మరొక మాట: ఎన్నుకున్నవాళ్ళందరూ కొండెక్కారని రాశాను. అబద్ధం. ఒకడు మిగిలాడు. ఆయన తలపాగాలో గడ్డి దోపిన చెయ్యి నాదే. తీయాల్సిందీ నేనే. ఈ కాగితం తపాలాలో వేయలేదు, చేతిలో పట్టుకుని తమ గేటు బయట నిలబడ్డాను. నేను వెనక్కి తిరిగి పరుగెత్తకముందే ఎవరినైనా పంపి లోపలికి పిలిపించండి.